'1967–1970': బీటిల్స్ చివరి ప్రయోగాల కథను ఒక సంకలనం ఎలా మలిచింది

క్లుప్తంగా: బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ చివరి నాలుగేళ్ల పాటలతో 1973లో వచ్చిన నీలం అట్ట డబుల్ ఆల్బమ్‌లో 28 పాటలుండేవి. 2023లో అదే పేరుతో వచ్చిన కొత్త కూర్పులో 37 ఉన్నాయి. దొంగ రికార్డులకు అడ్డుకట్ట వేయాలన్న వ్యాపార అవసరం నుంచి పుట్టిన ఈ సంకలనమే, బీటిల్స్ ప్రయోగ దశ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చాలామంది శ్రోతలకు నేర్పింది. ఆ నేర్పిన దాంట్లో కొంత రికార్డింగ్ తేదీలకు పొసగదు. కొత్త కూర్పు కొన్నిటిని సరిదిద్దింది, కొన్నిటిని అలాగే ఉంచింది, ఒక కొత్త చిక్కు కూడా తెచ్చింది.

2023 నవంబరు 2న బీటిల్స్ పేరుతో 'నౌ అండ్ దెన్' అనే పాట విడుదలైంది. బృంద సభ్యుడు జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో ముందు కూర్చుని క్యాసెట్‌లో పాడుకున్న పాట అది. వారం తిరిగాక, నవంబరు 10న, బృందం పాత సంకలనాలు రెండూ కొత్త కూర్పుతో మార్కెట్లోకి వచ్చాయి. ఎర్ర అట్టది '1962–1966', నీలం అట్టది '1967–1970'. నీలం ఆల్బమ్ సీడీ, స్ట్రీమింగ్ రూపాల్లో ఆఖరి పాటగా 'నౌ అండ్ దెన్'ను చేర్చారు. 1970లో ముగిసే ఆల్బమ్‌లోకి 2023లో పూర్తయిన పాట ఎలా వచ్చిందన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. దాని వెనకే ఇంకో అయోమయం. ఒకే పేరు, దాదాపు ఒకే అట్ట, కానీ పాటల సంఖ్య వేరు, వరస వేరు, చెవికి వినిపించే ధ్వని కూడా వేరు. ఈ తేడాలు అర్థం కావాలంటే మొదటి కూర్పు ఎందుకు పుట్టిందో చూడాలి.

## దొంగ రికార్డులకు జవాబు

బీటిల్స్ విడిపోయిన సంగతి 1970 ఏప్రిల్ 10న లోకానికి తెలిసింది. ఆ ఏడాది డిసెంబరు 31న పాల్ మెకార్ట్నీ భాగస్వామ్యం రద్దు కోరుతూ లండన్ కోర్టుకెక్కారు. మిగతా ముగ్గురి వ్యవహారాలు అమెరికన్ మేనేజర్ అలెన్ క్లైన్ చేతిలో ఉండేవి. మెకార్ట్నీ ఆయన్ని మొదటినుంచీ ఒప్పుకోలేదు. ఇలాంటి వాతావరణంలో నలుగురూ ఒకచోట కూర్చుని తమ పాటల్లోంచి మేలైనవి ఏరుకునే పరిస్థితి లేదు.

ఆ ఖాళీలోకి ఇతరులు దూరారు. 'ఆల్ఫా ఒమేగా' పేరుతో నాలుగు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) బీటిల్స్ సెట్టు ఒకటి అమెరికాలో టీవీ, రేడియో ప్రకటనలతో పోస్టు ద్వారా అమ్ముడుపోసాగింది. దానికి బృందం అనుమతి గానీ, రికార్డు కంపెనీ అనుమతి గానీ లేవు. అంత బాహాటంగా అమ్మగలగడానికి చట్టంలోని ఒక సందు తోడ్పడింది. అమెరికాలో సౌండ్ రికార్డింగులకు ఫెడరల్ కాపీరైట్ రక్షణ 1972 ఫిబ్రవరి 15 నుంచి తర్వాత చేసిన వాటికే వర్తించింది. బీటిల్స్ పాటలన్నీ అంతకు ముందువే. వాటికి దిక్కు ఆయా రాష్ట్రాల చట్టాలే. కోర్టుల్లో పోరాడటం ఒక దారి. అసలు సరుకునే మంచి అట్టలో పెట్టి అంగడికి తేవడం రెండో దారి. 1973 ఏప్రిల్‌లో ఎర్ర, నీలం ఆల్బమ్‌లు వచ్చాయంటే కారణం ఈ రెండో దారే.

క్లైన్‌కు ఈ పని కొత్త కాదు. రోలింగ్ స్టోన్స్ 1960ల రికార్డింగులు ఆయన సంస్థ చేతిలో ఉండేవి. 1971 డిసెంబరులో వాటిలోంచి 'హాట్ రాక్స్ 1964–1971' అనే డబుల్ ఆల్బమ్ తీసి ఆయన మంచి లాభం చూశారు. శీర్షికలో సంవత్సరాలు వేయడం, రెండు రికార్డుల్లో ఒక దశను కుదించడం అక్కడే కనిపిస్తాయి. బీటిల్స్ సంకలనాలు వచ్చిన సమయానికే క్లైన్ ఒప్పందం కూడా ముగిసింది. అంటే చరిత్ర రాయాలన్న సంకల్పంతో ఎవరూ ఈ ఆల్బమ్ కట్టలేదు. హడావుడిలో, తగాదాల మధ్య, నకిలీ సరుకుకు పోటీగా కట్టారు. అది చరిత్రగా స్థిరపడటం తర్వాత జరిగిన సంగతి.

వ్యాపారంగా చూస్తే లెక్క తప్పలేదు. 1973 మే 26 నాటి అమెరికా అమ్మకాల జాబితా బిల్‌బోర్డ్‌లో నీలం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. మరుసటి వారమే దాన్ని దించింది మెకార్ట్నీ కొత్త బృందం వింగ్స్ తెచ్చిన ఆల్బమ్. దాన్ని జూన్‌లో దించింది జార్జ్ హారిసన్ సొంత ఆల్బమ్. విడిపోయిన వాళ్లు తమ ఉమ్మడి గతంతోనే పోటీ పడాల్సిన పరిస్థితి ఈ సంకలనంతో మొదలైంది. బ్రిటన్‌లో అది రెండో స్థానం దాకా వెళ్లింది.

## సైడుకు ఏడు పాటలు

నీలం ఆల్బమ్ కట్టుబడి చూడటానికి చాలా సరళం. రెండు రికార్డులు, నాలుగు సైడులు, సైడుకు ఏడేసి పాటలు. మొత్తం నిడివి వంద నిమిషాలకు కాస్త తక్కువ. ఎల్పీ సైడు మీద ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు దాటుతున్న కొద్దీ గాడులు ఇరుకవుతాయి. ధ్వని స్థాయి తగ్గించి కోయాల్సి వస్తుంది, బేస్ పలుచబడుతుంది. ఆ పరిమితిలో ఏడు నిమిషాలు దాటే 'హే జూడ్'కు చోటివ్వడమే పెద్ద ఖర్చు. 7 నిమిషాల 47 సెకన్ల 'ఐ వాంట్ యూ', ఎనిమిది నిమిషాలు దాటిన 'రివల్యూషన్ 9' లాంటివి ఈ లెక్కలో ఇమడవు. పొడవైన పాటలే ఎక్కువగా ప్రయోగాత్మకమైనవి కాబట్టి, రికార్డు నిడివి కూడా ఒక రకంగా పాటల ఎంపికను శాసించింది.

ఎంపికలో రెండో బలం బ్రిటిష్ ఆనవాయితీది. అక్కడ సింగిల్‌గా, అంటే పక్కకొక పాట ఉండే చిన్న రికార్డుగా, విడుదల చేసిన పాటను మళ్లీ ఎల్పీలో పెట్టి అమ్మడం శ్రోతను మోసగించడమేనన్న భావన బీటిల్స్ కాలంలో గట్టిగా ఉండేది. అందుకే 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్' పాటలు 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్ కోసం మొదలైన పనిలోనే పుట్టినా, 1967 ఫిబ్రవరిలో సింగిల్‌గా వెళ్లిపోవడంతో ఆల్బమ్‌లో చోటు దక్కలేదు. 'మ్యాజికల్ మిస్టరీ టూర్' పాటలు బ్రిటన్‌లో రెండు చిన్న రికార్డుల సెట్టుగా వచ్చాయి. అప్పట్లో అమెరికాలో ఎల్పీ అయ్యాయి. బ్రిటిష్ ఎల్పీల జాబితాను పక్కన పెట్టుకుని లెక్కిస్తే, నీలం ఆల్బమ్‌లోని 28 పాటల్లో 12 అంతవరకు ఏ ఎల్పీలోనూ లేనివే. 'గెట్ బ్యాక్', 'లెట్ ఇట్ బీ' రెండూ ఎల్పీ రూపంలో కాక సింగిల్ రూపంలో చేరాయి. అందుకని దీన్ని ఉన్న ఆల్బమ్‌ల నుంచి తీసిన సారంగా కొట్టిపారేయడం సరికాదు. చెల్లాచెదురుగా ఉన్న సగం ముఖ్యమైన పనిని మొదటిసారి ఒక చోట పేర్చిన పెట్టె ఇది.

మిగతా సగం సంగతి వేరు. 'సార్జంట్ పెప్పర్' నుంచి నాలుగు, 'అబీ రోడ్' నుంచి నాలుగు పాటలు తీసుకున్నారు. 1968లో వచ్చిన తెల్ల అట్ట డబుల్ ఆల్బమ్‌లో 30 పాటలుంటే తీసుకున్నవి మూడే: 'బ్యాక్ ఇన్ ద యూఎస్ఎస్ఆర్', 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్', 'ఓబ్లాడీ ఓబ్లాడా'. బృందం అన్ని దిక్కులకూ పరుగెత్తిన ఏడాది అది. జానపదం, గోల, పాతకాలపు హాస్యగీతం, టేపు ముక్కల కొల్లాజ్ అన్నీ ఒకే కప్పు కింద ఉన్న ఆల్బమ్ అది. నీలం సంకలనంలో ఆ చిందరవందర అసలు కనిపించదు. ఇక్కడి బీటిల్స్ ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు, ఒక గొప్ప పాట తర్వాత ఇంకో గొప్ప పాట అన్నట్టు సాఫీగా నడుస్తారు. నిజానికి వాళ్లు అంత సాఫీగా నడవలేదు.

## ప్రయోగం అంటే చేతుల్లో ఏం జరిగింది

ఈ దశను ప్రయోగాత్మకం అనడం మామూలైపోయింది గానీ, ఆ మాట వెనక ఉన్న పని చాలా నిర్దిష్టమైనది. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్కులో కచేరీ ముగిశాక బీటిల్స్ పర్యటనలు మానేశారు. వేదిక మీద నలుగురు వాయించగలిగేదే పాట కావాలన్న షరతు దాంతో తొలగిపోయింది. స్టూడియోలో ఎన్ని గంటలైనా గడపొచ్చు. కానీ పరికరాలు మాత్రం ఆ ఊహకు చాలినవి కావు. 1967లో పని ఎక్కువగా తమ రికార్డు కంపెనీ ఈఎంఐకి చెందిన లండన్ స్టూడియోలో, నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీదే జరిగింది.

నాలుగు ట్రాకులంటే డ్రమ్స్, బేస్, గిటార్ ఒకదాంట్లో, గొంతు ఒకదాంట్లో, పియానో ఒకదాంట్లో, మరో వాద్యం ఒకదాంట్లో. అక్కడికే చోటు అయిపోతుంది. ఇంకా చేర్చాలంటే నిండిన నాలుగింటినీ కలిపి రెండో యంత్రంలో ఒకటి రెండు ట్రాకుల మీదకు దింపాలి. అప్పుడు మిగతావి ఖాళీ అవుతాయి. ఇలా దింపిన ప్రతిసారీ టేపు సొద పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, కలిపిన దాన్ని మళ్లీ విడదీయలేరు. డ్రమ్స్ కాస్త తగ్గించాలని వారం తర్వాత అనిపించినా చేసేదేమీ ఉండదు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ ప్రతి అడుగునూ ఇక వెనక్కి తీసుకోలేమని తెలిసే వేశారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2023 కూర్పులో ఏం మారిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మొదటి సైడు మొదటి పాట 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' దీనికి మంచి ఉదాహరణ. పాటను రెండు రకాలుగా రికార్డు చేశారు. మొదటిది మెలోట్రాన్ అనే కీబోర్డుతో మొదలై నెమ్మదిగా నడుస్తుంది. రెండోది ట్రంపెట్లు, చెల్లోలతో బరువుగా, వేగంగా సాగుతుంది. లెనన్‌కు మొదటిదాని ఆరంభం నచ్చింది, రెండోదాని చివర నచ్చింది. రెండూ అతికించమన్నారు. రెండింటి శ్రుతీ వేరు, లయా వేరు. టేపు వేగం పెంచితే శ్రుతి, లయ రెండూ కలిసే పెరుగుతాయి. తగ్గిస్తే రెండూ కలిసే తగ్గుతాయి. నెమ్మది రికార్డింగు శ్రుతి తక్కువ, వేగమైన దాని శ్రుతి ఎక్కువ కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఒకదాన్ని కాస్త పైకి, ఇంకోదాన్ని కాస్త కిందికి లాగితే రెండూ దగ్గరపడ్డాయి. పాట మొదలైన సరిగ్గా నిమిషం దగ్గర అతుకు ఉంది. తెలిసి వింటే లెనన్ గొంతు అక్కడినుంచి ఒక్కసారిగా మందమై, నీళ్లలోంచి వస్తున్నట్టు మారడం పట్టుబడుతుంది. అదే పాటలో హారిసన్ వాయించిన స్వరమండల్ తీగల జల్లు కూడా ఉంది.

'ఎ డే ఇన్ ద లైఫ్' ఇంకో మెట్టు. 1967 ఫిబ్రవరి 10న 40 మంది ఆర్కెస్ట్రా కళాకారులను పిలిచి, 24 బార్ల (తాళ ఆవర్తాల) నిడివిలో తమ వాద్యం మీది అతి తక్కువ స్వరం నుంచి పై స్వరం దాకా ఎవరి దారిన వాళ్లు ఎక్కమన్నారు. శాస్త్రీయ శిక్షణలో పక్కవాళ్లతో కలిసి వాయించడమే నేర్చుకున్న వాళ్లకు ఇది ఎదురు ఈత. దాన్ని పలుమార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఇన్ని పొరలకు ఒక యంత్రం చాలక, స్టూడియో సాంకేతిక నిపుణుడు కెన్ టౌన్‌సెండ్ రెండు నాలుగు ట్రాకుల యంత్రాలను ఒకే సంకేతంతో జతకట్టి నడిపించారు. పాట చివర పియానోల మీద కొట్టిన ఒక్క కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) నలభై సెకన్లకు పైగా మోగుతుంది. ధ్వని తగ్గుతున్న కొద్దీ రికార్డింగ్ స్థాయిని పెంచుతూ పోయారు కాబట్టే అంతసేపు వినిపిస్తుంది.

రెండో సైడులో 'ఐ యామ్ ద వాల్రస్' ఉంది. 1967 సెప్టెంబరు 29న మోనో మిక్స్ చేస్తుండగా, అంటే ట్రాకులన్నిటినీ ఒకే ధారగా కలుపుతుండగా, పక్కన పెట్టిన రేడియోలో బీబీసీ ప్రసారం చేస్తున్న షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకాన్ని అప్పటికప్పుడు పాటలోకి వదిలారు. రేడియో ధ్వని టేపు మీద విడిగా లేదు, మోనో మిక్స్‌లోనే కలిసిపోయింది. అందుకే స్టీరియోలో పాట రెండో నిమిషం దాటాక అసలు స్టీరియో ఆగిపోయి, మోనోను రెండు పక్కలకు పరచిన కృత్రిమ ధ్వని మొదలవుతుంది. యాభై ఏళ్లుగా నీలం ఆల్బమ్ కొన్నవాళ్లలో చాలామంది విన్నది ఆ రూపమే.

1968 జులై చివర్లో 'హే జూడ్' కోసం బృందం ట్రైడెంట్ స్టూడియోకు వెళ్లింది. అక్కడ ఎనిమిది ట్రాకుల యంత్రం ఉంది. కొద్ది వారాలకే ఈఎంఐలోనూ ఎనిమిది ట్రాకులు వాడుకలోకి వచ్చాయి. ఆ తర్వాతి పాటల్లో ప్రయోగం తగ్గినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణమే. ఇరుకులో పడి వెతుక్కున్న ఉపాయాల అవసరం కొంత తీరిపోయింది. మూడు, నాలుగు సైడుల్లో పాటలు ఎక్కువగా గదిలో కూర్చుని వాయించినట్టే ఉంటాయి.

## 1966ను కోసిన గీత

సంకలనాలు రెండూ కలిసి చెప్పే కథ ఇలా ఉంటుంది: 1966 దాకా ప్రేమపాటల కుర్రాళ్లు, 1967 నుంచి ప్రయోగశీలురు. అట్టలు కూడా అదే చెబుతాయి. ఆంగస్ మెక్‌బీన్ 1963లో మాంచెస్టర్ స్క్వేర్‌లోని ఈఎంఐ భవనం లోపలి మెట్ల దగ్గర నలుగురినీ కిందినుంచి ఫొటో తీశారు. 1969 మేలో అదే చోట, అదే భంగిమలో మళ్లీ తీశారు. ఎర్ర అట్ట మీద నున్నటి ముఖాలు, నీలం అట్ట మీద గడ్డాలు, జులపాలు. మధ్యలో ఏం జరిగిందో ఆ అట్టలు చెప్పవు.

జరిగింది 1966లోనే. 'టుమారో నెవర్ నోస్' రికార్డింగ్ మొదలైన తేదీ ఆ ఏడాది ఏప్రిల్ 6. ఒకే స్వరం మీద నిలిచిన శ్రుతి, టేపు ముక్కలను చుట్టలుగా అతికించి తిప్పిన వింత ధ్వనులు, తిరిగే స్పీకర్ గుండా పంపిన గొంతు అన్నీ అందులో ఉన్నాయి. గొంతును కృత్రిమంగా జంట చేసే పద్ధతిని టౌన్‌సెండ్ ఆ ఏడాదే తయారు చేశారు. 'ఐయామ్ ఓన్లీ స్లీపింగ్'లో గిటార్ వెనక్కి మోగుతుంది. ఇవన్నీ 'రివాల్వర్' ఆల్బమ్‌లోవి. 1973 ఎర్ర ఆల్బమ్ 'రివాల్వర్' నుంచి తీసుకున్నవి రెండే: 'ఎలినార్ రిగ్బీ', 'ఎల్లో సబ్‌మెరీన్'. ప్రయోగం మొదలైన చోటు రెండు సంకలనాల నడుమ సందులో జారిపోయింది.

తేదీలు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. '1967' అని మొదలయ్యే ఆల్బమ్‌లోని మొదటి పాట 1966 నవంబరు 24న మొదలై ఆ డిసెంబరులో పూర్తయింది. రెండో పాట 'పెన్నీ లేన్' పని 1966 డిసెంబరు 29న మొదలైంది. గీత విడుదల తేదీల ప్రకారం గీశారు, పని తేదీల ప్రకారం కాదు. దుకాణంలో అమ్మే వస్తువుకు అది సరిపోతుంది. కానీ ఈ రెండు రికార్డులతోనే బీటిల్స్‌ను తెలుసుకున్న తరాలకు, ఒక రాత్రిలో వచ్చిన మార్పుగా అది మనసులో ముద్రపడింది.

## ముగింపు తారుమారు

అదే పద్ధతి చివర్లోనూ పనిచేసింది. నాలుగో సైడులో ముందు 'అబీ రోడ్' పాటలు, తర్వాత 'లెట్ ఇట్ బీ', 'అక్రాస్ ద యూనివర్స్', ఆఖర్న 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' వస్తాయి. వరసగా వింటే బృందం అలసిపోయి, బరువైన వయొలిన్ల మధ్య వీడ్కోలు పలికినట్టు ఉంటుంది. కానీ 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్ పాటలు చాలావరకు పాడింది 1969 జనవరిలో. 'అబీ రోడ్' పూర్తయింది ఆ ఏడాది ఆగస్టులో. నలుగురూ కలిసి స్టూడియోలో ఉన్న చివరి రోజు 1969 ఆగస్టు 20. అంటే కలిసి చేసిన ఆఖరి పెద్ద పని 'అబీ రోడ్'. కానీ విడుదలలు తలకిందులయ్యాయి.

'అక్రాస్ ద యూనివర్స్' ఇంకా పాతది. 'జై గురుదేవ' అన్న పల్లవితో సాగే ఆ పాటను 1968 ఫిబ్రవరి 4న, రిషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి బయల్దేరే ముందు రికార్డు చేశారు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ 1970లో దాని వేగం తగ్గించి ఆర్కెస్ట్రా, బృందగానం చేర్చారు. 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీద అలాంటి అలంకారాన్నే 1970 ఏప్రిల్ 1న చేర్చినందుకు మెకార్ట్నీ తన కోర్టు ఫిర్యాదులోనూ అభ్యంతరం చెప్పారు. వీడ్కోలులా వినిపించే ఆ బరువులో ఎక్కువ భాగం బృందం చేతిది కాదు.

1970లో బృందం నిజంగా కొత్తగా రికార్డు చేసిన పాట ఒక్కటే, హారిసన్ రాసిన 'ఐ మీ మైన్'. ఆ ఏడాది జనవరి 3న లెనన్ లేకుండా మిగతా ముగ్గురు వాయించారు. శీర్షికలో 1970 ఉన్న 1973 ఆల్బమ్‌లో ఆ పాటకు చోటు లేదు.

## హారిసన్ వాటా

28 పాటల్లో 23 లెనన్–మెకార్ట్నీ పేరున ఉన్నవి. హారిసన్‌వి నాలుగు, రింగో స్టార్‌ది ఒకటి. ఎర్ర ఆల్బమ్‌లో హారిసన్ రచన ఒక్కటీ లేదన్నది గమనిస్తే ఈ నాలుగూ ఎక్కువే అనిపిస్తాయి. పైగా 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్' లాంటి పాటలతో ఆయన చివరి దశలో ఎదిగిన తీరు నాలుగో సైడులో బాగా తెలుస్తుంది.

కానీ ఏ పాటలు తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న. నాలుగూ గిటార్ పాటలే. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకుని, పాశ్చాత్య పాప్‌లోకి హిందుస్తానీ సంగీతాన్ని తెచ్చిన హారిసన్ 1973 సంకలనంలో లేరు. 'వితిన్ యూ వితౌట్ యూ' 1967 మార్చి, ఏప్రిల్‌లలో లండన్‌లోని భారతీయ వాద్యకారులతో రికార్డయింది. మిగతా బీటిల్స్ ఎవరూ అందులో వాయించలేదు. దిల్‌రుబా, తంబూరా, తబలా మీద పాట నడుస్తుంది. స్వరాలు ఖమాజ్ థాట్‌వి, అంటే కర్ణాటక సంగీతం తెలిసినవారికి హరికాంభోజి మేళం. తీన్‌తాళంలో సాగిన పాట మధ్యలో పది మాత్రల ఝప్‌తాళంలోకి మారుతుంది, అక్కడ దిల్‌రుబా, సితార్ ఒకరికొకరు బదులు చెప్పుకుంటాయి. సాధారణ రాక్ పాటకు తంబూరా పూత పూసినట్టు కాక, పాట ఎముకల గూడే ఇక్కడ వేరు. ఈ నాలుగేళ్లలో బీటిల్స్ చేసిన ప్రయోగాల్లో ఇంత దూరం వెళ్లినవి తక్కువ. దాన్ని వదిలేసి 'సార్జంట్ పెప్పర్'కు ప్రాతినిధ్యం ఇచ్చామనడం అరకొర పని.

## 2023లో ఏం మారింది

కొత్త నీలం ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు చేరాయి. 'వితిన్ యూ వితౌట్ యూ', 'ఐ మీ మైన్' వచ్చాయి. హారిసన్ లెక్క నాలుగు నుంచి ఆరుకు పెరిగింది. తెల్ల ఆల్బమ్ నుంచి 'డియర్ ప్రూడెన్స్', 'గ్లాస్ ఆనియన్', 'బ్లాక్‌బర్డ్' చేరి మూడు కాస్తా ఆరయ్యాయి. 'హే బుల్‌డాగ్', 'ఓ! డార్లింగ్', వెనక నిడివి వల్ల అసాధ్యమైన 'ఐ వాంట్ యూ' కూడా ఉన్నాయి. ఎర్ర ఆల్బమ్‌లో 12 చేరి మొత్తం 38 అయ్యాయి. వాటిలో 'టుమారో నెవర్ నోస్' ఉంది. 'రివాల్వర్' నుంచి రెండుగా ఉన్నవి ఏడయ్యాయి. గీత ఎక్కడుందో అక్కడే ఉంది. కానీ గీతకు ఇవతలి వైపు కూడా ప్రయోగం జరిగిందని ఇప్పుడు వినిపిస్తుంది.

సీడీ, స్ట్రీమింగ్ రూపాల్లో కొత్త పాటలను కాలక్రమంలో మధ్యమధ్య చేర్చారు. ఎల్పీ సెట్టులో మాత్రం పాత రెండు రికార్డుల వరసను ముట్టుకోకుండా చేరికలను మూడో రికార్డు మీద పెట్టారు. పాత వరసకు అలవాటుపడ్డ చెవి ఒక పాట ముగియగానే తర్వాతి దాని మొదటి స్వరం కోసం ఎదురుచూస్తుంది. ఆ అలవాటును మూడో రికార్డు పద్ధతి గౌరవించింది. కాబట్టి ఫోనులో వినే శ్రోతకు, ఎల్పీ వినే శ్రోతకు ఒకే పేరున్న ఆల్బమ్ రెండు వేర్వేరు ప్రయాణాలు.

ధ్వనిలో వచ్చిన మార్పు మరింత లోతైనది. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం 2021 నాటి 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. ఒకే ట్రాకులో కలిసిపోయిన డ్రమ్స్, గిటార్, గొంతులను అది నేర్చుకుని విడదీస్తుంది. నాలుగు ట్రాకుల కాలంలో తిరిగి విడదీయలేమనుకున్న వాటిని ఇప్పుడు విడదీసి, జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్ కొత్త స్టీరియో మిక్సులు చేశారు. 'ఐ యామ్ ద వాల్రస్'కు 2023లో కొత్త మిక్స్ వచ్చింది. డ్రమ్స్ మధ్యకు వచ్చాయి, బేస్ నిండుగా వినిపిస్తుంది, ఇయర్‌ఫోన్లలో గొంతు ఒక్క చెవికే పరిమితం కావడం తగ్గింది. ఇంకో వైపు, 1967లో ఒక మధ్యాహ్నం తీసుకున్న నిర్ణయాలను వేరే చేతులు మార్చాయన్నది కూడా నిజమే. బీటిల్స్ స్వయంగా దగ్గరుండి చూసుకున్నది ఎక్కువగా మోనో మిక్సులను. పాత స్టీరియోలే ప్రమాణం అనడానికీ అందుకే పూర్తి ఆధారం లేదు.

'నౌ అండ్ దెన్' కూడా ఈ సాఫ్ట్‌వేర్ వల్లనే సాధ్యమైంది. మిగిలిన ముగ్గురూ 1995లో ఆ పాట మీద కూర్చుని, లెనన్ క్యాసెట్‌లో గొంతు, పియానో విడిపోక వదిలేశారు. గొంతు విడివడ్డాక మెకార్ట్నీ, స్టార్ పూర్తి చేశారు. 2001లో మరణించిన హారిసన్ గిటార్ 1995 నాటిది. అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, 2025లో గ్రామీ కూడా అందుకుంది. పాట విలువ ఎంతైనా, కాలక్రమమే ప్రాణంగా ఉన్న ఆల్బమ్ చివర దాన్ని పెట్టడం ఆ క్రమాన్నే దెబ్బతీసింది. 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' తర్వాత వచ్చే ఆ పాట అదే బృందం అదే ఊపిరితో కొనసాగించినట్టు వినిపిస్తుంది. మధ్యలో యాభై మూడేళ్లున్నాయన్న సంగతి ఆల్బమ్ పేరు చెప్పదు.

## ఇతర సంకలనాలతో పోలిస్తే

2000లో వచ్చిన '1' అనే సంకలనం నియమం ఇంకా బిగుతైనది. బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ మొదటి స్థానం పొందిన 27 పాటలే అందులో ఉన్నాయి. 1967 నుంచి వచ్చినవి వాటిలో 11. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' రెండు చోట్లా మొదటి స్థానానికి రాలేదు కాబట్టి లేదు. దాని జంట పాట 'పెన్నీ లేన్' అమెరికాలో వచ్చింది కాబట్టి ఉంది. 'ఎ డే ఇన్ ద లైఫ్' సింగిల్‌గా రాలేదు కాబట్టి ప్రశ్నే లేదు. '1' ఒక్కటే విన్నవారికి బీటిల్స్ ప్రయోగాలు చేశారన్న సంగతే సరిగా అందదు. ఆ పోలికలో నీలం ఆల్బమ్ చాలా మెరుగు. చార్టుల లెక్క దాటి, పాట బరువును బట్టి ఎంచిన గుర్తులు దాంట్లో ఉన్నాయి.

1988 నాటి 'పాస్ట్ మాస్టర్స్' ఉద్దేశం వేరు. అప్పటికి సీడీలుగా వచ్చిన ఆల్బమ్‌లలో లేని సింగిల్స్‌ను పోగుచేసింది. అది వచ్చాక, ఎల్పీలలో లేని పాటల కోసం నీలం ఆల్బమ్ కొనాల్సిన అవసరం తీరిపోయింది. అయినా దాని అమ్మకాలు ఆగలేదంటే శ్రోతలు అందులో వెతుక్కున్నది పాటల నిల్వ కాదు, వరస. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్లకు అది దారి చూపింది. స్ట్రీమింగ్‌లో ఎవరి జాబితా వాళ్లే కట్టుకునే కాలంలోనూ 2023 కూర్పు వచ్చిందంటే, ఆ వరసకు ఇంకా గిరాకీ ఉందని దాని యజమానులు నమ్మినట్టే.

కొత్తగా వినేవారికి ఉపయోగపడే సంగతి ఒకటుంది. రెండు కొత్త కూర్పుల్లోనూ 'రివల్యూషన్ 9' లేదు. అది వినాలంటే తెల్ల ఆల్బమ్‌కే వెళ్లాలి. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో భారతీయ కళాకారులతో వాద్యభాగం రికార్డు చేసి, లండన్‌లో గొంతు చేర్చిన 'ది ఇన్నర్ లైట్' కూడా లేదు. ఆ పాట ఉన్న సింగిల్‌కు మొదటి పక్కన ఉన్న 'లేడీ మడోనా' మాత్రం 1973 నుంచీ నీలం ఆల్బమ్‌లో ఉంది. బొంబాయిలో పుట్టిన ఆ పాటకు దారి ఇప్పటికీ 'పాస్ట్ మాస్టర్స్' గుండానే.